కాలేజీ మారుతున్న సంగతి మెంటర్‌కి ఎప్పుడు చెప్పాలి? ఎన్‌ఓసీకి (అభ్యంతరం లేదని కాలేజీ ఇచ్చే కాగితం) ముందా, తర్వాతా?

గజపతినగరం_గుంట
బీటెక్ ఈసీఈ మొదటి ఏడాది, శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రైవేటు కాలేజీ. పేరు చెప్పను, మా క్లాసువాళ్లు కూడా ఇక్కడ తిరుగుతుంటారు. కన్వీనర్ కోటా సీటు, హాస్టల్లో ఉంటున్నాను. సంక్రాంతి తర్వాత నాన్నకి పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి ఇంకా లేవడం లేదు. కిరాణా కొట్టు అమ్మ ఒక్కతే చూసుకుంటోంది, తమ్ముడు తొమ్మిదో తరగతి. అందుకని సెకండియర్ నుంచి విజయనగరం దగ్గర కాలేజీకి మారిపోయి ఇంటి నుంచే తిరుగుదామని అనుకున్నాం. అక్కడ ఈసీఈలో ఖాళీలున్నాయి, ట్రాన్స్‌ఫర్ల నోటిఫికేషన్ వచ్చాక రండి అని ఆఫీసులో నోటిమాటగా అన్నారు. కాగితం ఏమీ లేదు.

సమస్య ఏంటంటే మా మెంటర్ మేడం, అంటే నా హాజరూ మార్కులూ చూసుకునే లెక్చరర్. ఆవిడ నన్ను చాలా బాగా చూసుకున్నారు, నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను పోగొట్టుకున్న ల్యాబులు వేరే బ్యాచ్‌తో చేయించారు. ఇప్పుడు స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కి (కాలేజీ పిల్లలకి దేశమంతా పెట్టే టెక్నికల్ పోటీ) టీం కడుతూ అందులో నా పేరు వేశారు, సెలవుల్లోనే పని మొదలుపెట్టమన్నారు, వాట్సాప్ గ్రూపు కూడా పెట్టేశారు. నేను తలూపాను. ఇప్పుడు చెప్పేసి తీరా అక్కడ సీటు రాకపోతే రెంటికీ చెడ్డ రేవడినవుతాను. చెప్పకపోతే ఆవిడ ముందు నవ్వుతూ తిరగడం నా వల్ల కావట్లేదు. థియరీ పరీక్షలు వచ్చే వారంతో అయిపోతాయి. ఎప్పుడు చెప్పాలి, ముందు ఎవరికి చెప్పాలి, మేడంకా, హెచ్‌ఓడీకా, నేరుగా ప్రిన్సిపాల్‌కా?

పలాస_జీడిపప్పు
చెప్పకు. సీటు చేతికొచ్చేదాకా నోరు విప్పకు. అంతే.

డే_అండ్_నైట్_జంక్షన్
జీడిపప్పు అన్న ఎప్పుడూ ఇంతే, రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. కిలో ఎంతుందన్నా ఇప్పుడు?

రాజాం_రాజా
నాదీ జీడిపప్పు పక్షమే. మా రూమ్మేట్ మెకానికల్, రెండో సెమిస్టర్ మధ్యలో క్లాస్ ఇన్‌ఛార్జ్‌ని నమ్మి చెప్పాడు, "సార్, వచ్చే ఏడు వైజాగ్ వైపు వెళ్లిపోదామనుకుంటున్నాను" అని. ఆ సార్ మంచోడే, కానీ స్టాఫ్ రూములో మాటవరసకి అనేశాడు. సాయంత్రానికి ఆఫీసుకి తెలిసిపోయింది, మర్నాడు వాళ్ల నాన్నకి ఫోన్. బస్సు ఫీజు బకాయి ఉంది, ఆ ఫండ్ కట్టలేదు, మీవాడు వెళ్తే మిగతా మూడేళ్ల ఫీజూ కట్టాలి అని భయపెట్టారు. ఆయన రైతు, హడలిపోయి కొడుకుని తిట్టి కూర్చోబెట్టాడు. వాడు ఇప్పటికీ అక్కడే చదువుతున్నాడు. ప్రైవేటు కాలేజీకి ఒక పిల్లాడు వెళ్లిపోవడమంటే మూడేళ్ల డబ్బు వెళ్లిపోవడం, సెకండియర్లో ఆ సీటు మళ్లీ నిండడం కష్టం, కాబట్టి ఆపడానికే చూస్తారు. మీ మేడం మంచిదే అయ్యుండొచ్చు, ఆవిడ పక్క కుర్చీలో ఉన్నవాళ్ల సంగతేంటి?

బొబ్బిలి_వీణ
రాజా, నీ రూమ్మేట్‌ని ఆపింది మెంటర్ కాదు, ఆఫీసు. ఆ రెండూ కలిపేయకు. పైగా వాడు సెమిస్టర్ మధ్యలో, ఎక్కడికి వెళ్తాడో కూడా తేలకుండా చెప్పాడు. ఈ అమ్మాయికి కారణం ఉంది, కాలేజీ చూసుకుంది, పరీక్షలు అయిపోతున్నాయి.

చెల్లీ, ఒక్కటి అడుగుతాను. ఆ హ్యాకథాన్ టీంలో నువ్వు కాక ఇంకా అమ్మాయిలెవరైనా ఉన్నారా?

గజపతినగరం_గుంట
లేరక్కా. అయిదుగురు అబ్బాయిలు, నేను.

బొబ్బిలి_వీణ
అనుమానపడ్డాను. ఆ పోటీ రూలు చూడు, టీంలో ఆరుగురు, అందులో కనీసం ఒక అమ్మాయి తప్పనిసరి, ఆరుగురూ ఒకే కాలేజీవాళ్లు అయ్యుండాలి. ముందు కాలేజీలోనే ఒక రౌండ్ పెట్టి, అందులో నెగ్గిన టీంలనే పైకి పంపుతారు. పేర్లు వెళ్లాక నువ్వు మారిపోతే మిగతా అయిదుగురి కష్టమూ గంగలో కలిసిపోతుంది. అంటే నీ గడువు సీటు వచ్చే రోజు కాదు. కాలేజీ రౌండ్‌కి పేర్లు ఇచ్చే రోజు. ఆలోపు చెప్పాలి, సీటు ఖాయమైనా కాకపోయినా.

పలాస_జీడిపప్పు
హ్యాకథాన్ కోసం చదువు తాకట్టు పెట్టమంటావేటి? టీం నుంచి తప్పుకోవడానికి కాలేజీ మారుతున్నానని చెప్పక్కర్లేదు. "మేడం, నాన్నకి బాగోలేదు, సెలవుల్లో కొట్లో కూర్చోవాలి, నాకు కుదరదు" అంటే చాలు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. టీంకి వేరే అమ్మాయి దొరుకుతుంది, నీ గుట్టు నీ దగ్గరే ఉంటుంది.

డే_అండ్_నైట్_జంక్షన్
ఇంత పొడుగు రాశాడంటే అన్నకి నిజంగానే కోపమొచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

కొత్తవలస_లోకో
జీడిపప్పు చెప్పింది తెలివిగా ఉంది కానీ ఆ మేడం ఏమంటుంది? "పర్లేదమ్మా, ఇంటి నుంచే చెయ్యి, ఆన్‌లైన్లో కలుద్దాం" అంటుంది. మంచి మనుషులతో ఇదే చిక్కు, సాకు చెబితే సాయం చేసేస్తారు. అప్పుడేం చేస్తావ్?

పలాస_జీడిపప్పు
సరే, అది నేను ఆలోచించలేదు.

ఎర్రపెన్ను
పదేళ్లకు పైగా పాఠాలు చెబుతున్నాను, ఈ రెండు జిల్లాల్లోనే. మెంటర్ పని కూడా చేస్తున్నాను కాబట్టి మా వైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను.

ఒక్కో మెంటర్ కింద ఇరవై మంది దాకా ఉంటారు. వాళ్ల హాజరు, మార్కులు, ఇళ్లకి చేసిన ఫోన్లు అన్నీ ఒక పుస్తకంలో రాయాలి, కాలేజీకి గుర్తింపు, గ్రేడు ఇచ్చే ఎన్‌బీఏ, నాక్ బృందాలు వస్తే అవే చూపిస్తాం. నువ్వు ఎన్‌ఓసీ కోసం అర్జీ పెట్టగానే ఆఫీసు దాన్ని హెచ్‌ఓడీకి పంపుతుంది. హెచ్‌ఓడీ వెంటనే మెంటర్‌ని పిలిచి "మీ పిల్ల వెళ్లిపోతోందట, నీకు తెలుసా" అంటాడు. అక్కడ నిలబడి "తెలియదు సార్" అనడం మాకెంత నామోషీగా ఉంటుందో మీకు తెలియదు. ముందే తెలిసుంటే "తెలుసు సార్, వాళ్ల నాన్నకి బాగోలేదు, నేను మాట్లాడాను" అంటాం. అర్జీ మీద ఆ మాటకి విలువ ఉంటుంది. కాబట్టి మెంటర్‌కి చెప్పాలా వద్దా అనే ప్రశ్నే లేదు, ఎలాగూ తెలుస్తుంది. నీ నోటి నుంచి తెలియాలా, గుమాస్తా నోటి నుంచి తెలియాలా అన్నదే మిగిలింది.

ఇక మార్కుల భయం. ఇంటర్నల్స్ 30, రాత పరీక్ష 70. థియరీ పరీక్షలు మొదలయ్యేసరికి ఇంటర్నల్ మార్కులు పైకి వెళ్లిపోయి ఉంటాయి. మామూలు అఫిలియేటెడ్ కాలేజీ అయితే రాత పేపర్లు యూనివర్సిటీయే దిద్దిస్తుంది, దిద్దేవాళ్లకి నీ పేరు కనపడదు. అటానమస్ అయితే పరీక్షల విభాగం కాలేజీ చేతిలో ఉంటుంది, అయినా మెంటర్ చేతిలో ఉండదు. ఆఖరి పరీక్ష రాసేశాక ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. అంతకు ముందు మాత్రం చెప్పకు, అది నీ కోసమే, పరీక్షల మధ్యలో ఆ టెన్షన్ దేనికి.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, మావాళ్లకి కోపమొచ్చినా సరే. వేసవిలో మాకు అడ్మిషన్ల టార్గెట్లు ఉంటాయి. ఎండలో ఊళ్లు తిరిగి ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల్ని బతిమాలుతుంటాం. ఆ టైంలో ఉన్న పిల్ల వెళ్లిపోతానంటే ఎవరికైనా మొహం మాడుతుంది. మొదటి రోజు మాట కటువుగా వస్తే పట్టించుకోకు.

రాజాం_రాజా
మేష్టారూ, మీలాంటోళ్లైతే సరే. మా మెంటర్‌కి నా పేరే తెలీదు. ఆ పుస్తకంలో సంతకాలు ఏడాది చివర్లో అందరి చేతా ఒకేసారి పెట్టించారు, "కెరీర్ గురించి చర్చించితిమి" అని ఒకే వాక్యం అందరికీ.

ఎర్రపెన్ను
మేష్టారు కాదు, మేడం. మీ కాలేజీలో అలా జరిగితే అలాంటి మెంటర్‌కి అర్జీ పెట్టే రోజు పొద్దున చెప్పినా చాలు. ఎవరికి ఎంత ముందు చెప్పాలన్నది ఆ మనిషి నీకు ఎంత చేశారన్న దాని మీద ఉంటుంది.

డే_అండ్_నైట్_జంక్షన్
రాజాకి గుమ్మం దగ్గరే వీపు వాచింది.

పాలకొండ_నాన్న
మీరందరూ పిల్ల చేత చెప్పించడం గురించే మాట్లాడుతున్నారు. మా అబ్బాయి విషయంలో నేనే వెళ్లాను. పిల్లలు చెబితే "మీ పేరెంట్‌ని తీసుకురా" అంటారు, ఆ రెండు రోజుల్లో అందరికీ పాకిపోతుంది. పెద్దవాళ్లు వెళ్లి కూర్చుంటే ఎదుటి మనిషి కూడా కాస్త తగ్గి మాట్లాడతాడు. నేను మెంటర్ దగ్గరికి వెళ్లలేదు, ఆయన చేతిలో ఏముంది, నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. పని అయింది.

బొబ్బిలి_వీణ
బాబాయ్, పని అయింది సరే, మీ అబ్బాయి ఆ మెంటర్ మొహం చూడగలిగాడా తర్వాత?

పాలకొండ_నాన్న
అదేం అడగలేదమ్మా నేను. కాలేజీ మారిపోయాక ఆయన మొహం చూడాల్సిన అవసరమేముంది?

నాగావళి_ఒడ్డు
అవసరం వస్తుంది. నాది బీఎస్సీ. శ్రీకాకుళంలో డిగ్రీ మొదటి ఏడాది చదివి వైజాగ్ మారాను. ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీ నుంచి ఆంధ్రా యూనివర్సిటీకి, అంటే యూనివర్సిటీయే మారిపోయింది కాబట్టి టీసీతో పాటు మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. అక్కడ చేరాక కొత్త కాలేజీవాళ్లు సబ్జెక్టు వారీగా సిలబస్ కాపీ, దాని మీద పాత కాలేజీ సంతకం అడిగారు. నేను మా బోటనీ మేడంకి వెళ్లే ముందే చెప్పి, ఆశీర్వాదం తీసుకుని మరీ వెళ్లాను కాబట్టి ఫోన్ చేయగానే ఆవిడే సంతకాలు పెట్టించి మా తమ్ముడి చేతికిచ్చారు. నాతో పాటే మారిన ఇంకో అబ్బాయి ఎవరికీ చెప్పకుండా టీసీ పట్టుకుని వెళ్లిపోయాడు, అవే సంతకాల కోసం ఆఫీసు బయట బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది. పీజీకి వెళ్లేటప్పుడు రికమండేషన్ కావాలన్నా మళ్లీ వాళ్లే దిక్కు.

పాలకొండ_నాన్న
సరే, ఒప్పుకున్నాను. కానీ ఈ అమ్మాయి ఒక్కతే వెళ్లకూడదు, ఆ మాట మీద ఉంటాను.

గజపతినగరం_గుంట
నాన్న రాలేరు, అమ్మ కొట్టు కట్టేసి రావాలి. మావయ్య ఒకరు ఉన్నారు చీపురుపల్లిలో, ఆయన వస్తానన్నారు కానీ ఆయనకి నోరు ఎక్కువ, గొడవ పెట్టుకుంటారేమోనని భయం.

డే_అండ్_నైట్_జంక్షన్
ప్రతి ఇంట్లోనూ ఒక మావయ్య ఉంటాడు.

కొత్తవలస_లోకో
మావయ్యని ప్రిన్సిపాల్ దగ్గరికి అర్జీ పెట్టే రోజుకి దాచు. మెంటర్ దగ్గరికి నువ్వే వెళ్లు. పంతొమ్మిదేళ్ల పిల్లవి, నీకు సాయం చేసినావిడతో మాట్లాడ్డానికి మధ్యవర్తి ఎందుకు? అమ్మ చేత ఒక ఉత్తరం రాయించి సంతకం పెట్టించు, నాన్న డిస్చార్జి సమ్మరీ జిరాక్సు పక్కన పెట్టు. ఆ కాగితం చూశాక బకాయిల గురించి అరిచేవాళ్లు కూడా కాస్త ఆలోచిస్తారు.

మోడరేటర్_గంటస్తంభం
గుర్తు చేస్తున్నాను, కాలేజీల పేర్లు రాయొద్దు. ఒకరు రాశారు, తీసేశాను.

కాకినాడ_రిటర్న్
ఇప్పటి పిల్లలకి ఎంత సుఖమో. మా రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం కాలేజీలన్నీ కాకినాడ జేఎన్‌టీయూ కిందే ఉండేవి. యూనివర్సిటీలో ఒక సంతకం కావాలంటే రాత్రి రైలెక్కి సామర్లకోటలో దిగి తెల్లారేదాకా ప్లాట్‌ఫారం మీద దోమలతో గడపాలి. 2022లో జేఎన్‌టీయూ గురజాడ విజయనగరానికి వచ్చింది, ఇప్పుడు ఆ యూనివర్సిటీ ఉన్న ద్వారపూడికి ఆటోలో వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. మీ రెండు కాలేజీలూ ఆ యూనివర్సిటీ కిందే ఉన్నాయా అమ్మా? ఉంటే మైగ్రేషన్ గోల ఉండదు.

గజపతినగరం_గుంట
రెండూ దాని కిందే ఉన్నాయండి.

కాకినాడ_రిటర్న్
మంచిది. వరస గుర్తుపెట్టుకో. ముందు నోటిఫికేషన్, అందులో తేదీలూ షరతులూ ఏ ఏడుకి ఆ ఏడే చూసుకోవాలి. తర్వాత చేర్చుకోవడానికి అభ్యంతరం లేదని కొత్త కాలేజీ ఎన్‌ఓసీ, పంపడానికి అభ్యంతరం లేదని పాత కాలేజీ ఎన్‌ఓసీ, ఆ రెండూ పట్టుకుని పైనుంచి అనుమతి. టీసీ అన్నిటికన్నా చివర. చాలామంది ఆవేశంలో ముందు టీసీ అడుగుతారు. టీసీ చేతికొచ్చిందంటే నువ్వు ఆ కాలేజీ విద్యార్థివి కాదు, పైన అనుమతి రాకపోతే ఎటూ కాకుండా పోతావు.

సోంపేట_టు_డల్లాస్
ఇక్కడా అదే సూత్రం. అమెరికాలో ఎంఎస్ పిల్లలు యూనివర్సిటీ మారడం మామూలు విషయం, అకడమిక్ అడ్వైజర్‌కి చెబితే ఆయన నొచ్చుకోడు, ఏ క్రెడిట్లు అక్కడ చెల్లుతాయో కూర్చుని చూసి పెడతాడు కూడా. కానీ ఎఫ్‌-1 వీసా (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకి అసలు తాళం ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ అనే అధికారి దగ్గర ఉంటుంది. మన సెవిస్ రికార్డుని (విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే అమెరికా ప్రభుత్వ రికార్డు) కొత్త యూనివర్సిటీకి ఏ తేదీన వదలాలో ఆయన పెడతాడు, ఆ తేదీ దాటాక రికార్డు పాత యూనివర్సిటీ చేతిలో ఉండదు. వదిలిన తేదీ నుంచి అయిదు నెలల్లోపు కొత్తచోట క్లాసులు మొదలవ్వాలి. అందుకే కొత్త అడ్మిషన్ లెటర్ చేతిలో లేకుండా ఎవరూ ఆ తేదీ పెట్టించుకోరు. రీసెర్చి గైడు ఇచ్చే ఆర్‌ఏ (రీసెర్చి అసిస్టెంట్) డబ్బుతో బతుకుతున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు చెప్పిన రోజు నుంచి ఆయన ఆ డబ్బు ఇంకొకరికి ఇవ్వడం మొదలుపెడతాడేమోనని భయం. కానీ సిఫారసు ఉత్తరం ఆయన దగ్గరే కావాలి కాబట్టి చివరిదాకా దాచడమూ కుదరదు. నా స్నేహితుడొకడు ఆ నలుగులాటలోనే ఒక సెమిస్టర్ గడిపేశాడు.

డే_అండ్_నైట్_జంక్షన్
గజపతినగరం పిల్లకి సెవిస్ ఎందుకన్నా.

సోంపేట_టు_డల్లాస్
మా మరదలు కూడా ఈ చర్చ చదువుతోంది, ఆవిడకి.

సచివాలయం_సంగతులు
ఎవరూ ఫీజు రీయింబర్స్‌మెంట్ మాట ఎత్తలేదు. చెల్లెమ్మా, ఆ డబ్బు కోసం ప్రభుత్వం పెట్టిన జ్ఞానభూమి పోర్టల్లో నీ పేరు పాత కాలేజీ కింద ఉంది. అక్కడ నుంచి మార్చకపోతే కొత్త కాలేజీవాళ్లు నిన్ను సొంతంగా ఫీజు కట్టే పిల్ల కింద చూస్తారు. కన్వీనర్ కోటాకి వస్తుంది, మేనేజ్‌మెంట్ కోటాకి, స్పాట్ అడ్మిషన్లకి రాదు. కాబట్టి కొత్త కాలేజీని ముందే అడుగు, మారాక కూడా నా సీటు కన్వీనర్ కింద, రీయింబర్స్‌మెంట్‌తోనే ఉంటుందా అని. నోటిమాట వద్దు, కాగితం మీద. అది తేలకుండా మెంటర్‌కి చెప్పడం, చెప్పకపోవడం అన్న చర్చే అనవసరం, ఎందుకంటే ఆ ఒక్క కారణంతో నువ్వే మానుకోవచ్చు. ఇంకోటి, హాజరు 75 శాతం ఉండాలి, నాన్నగారి ఆస్పత్రి రోజుల వల్ల తగ్గిందేమో చూసుకో.

గజపతినగరం_గుంట
హాజరు 78 ఉందన్నా. ఫీజు సంగతి అడగలేదు, రేపే మావయ్యని పంపుతాను. ఇది మాత్రం ఆయనకి సరిగ్గా సరిపోయే పని.

పలాస_జీడిపప్పు
చూశారా, ఇంత తేలాల్సింది ఉండగా ముందే వెళ్లి మేడంకి చెప్పేయమన్నారు మీరందరూ.

ఎర్రపెన్ను
ఎవరూ ఈరోజే చెప్పమనలేదు నాయనా. పరీక్షలయ్యాక, టీం పేర్లు వెళ్లకముందు అన్నాం. ఆ మధ్యలో కావలసినంత టైం ఉంది, ఈలోపు మావయ్య ఫీజు సంగతి తేల్చుకొస్తాడు.

మెంటర్‌కి ముందు చెప్పడంలో ఎవరూ చెప్పని లాభం ఒకటుంది. సిలబస్. ఆర్-23 (2023లో వచ్చిన బీటెక్ సిలబస్)లో ఒక కాలేజీలో మొదటి సెమిస్టర్లో ఫిజిక్స్ పెడితే ఇంకోచోట కెమిస్ట్రీ పెడతారు, రెండో సెమిస్టర్లో అటుది ఇటు. ఏడాది పూర్తయ్యాక మారుతున్నావు కాబట్టి ఆ తేడా చాలావరకు సర్దుకుపోతుంది. అయితే రెండిట్లో ఏదైనా అటానమస్ అయితే సిలబస్ వాళ్లదే, క్రెడిట్లు వాళ్లవే. నువ్వు చదవని సబ్జెక్టు అక్కడ ఉంటే సెకండియర్ పుస్తకాలతో పాటు అదీ చదివి రాయాల్సి వస్తుంది. ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఖాతాలో క్రెడిట్లు కనపడుతున్నాయి కదా అనుకోకు, అక్కడ కనపడ్డవన్నీ కొత్త కాలేజీ ఒప్పుకోవాలని లేదు. ఆ పోలిక చూసి పెట్టగలిగేది నీకు తెలిసినవాళ్లలో మీ మేడమే.

కొత్తవలస_లోకో
బకాయిలుంటే ఒరిజినల్స్ ఇవ్వం అంటారు కదా, దానికేం చేయాలి?

ఎర్రపెన్ను
ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టేసుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా నోటిఫికేషన్ ఇచ్చింది, ఏఐసీటీఈ కూడా అదే చెబుతుంది. కానీ ఆ కాగితం పట్టుకుని వెళ్లి మొదటి రోజే బల్ల మీద కొట్టకండి. నిజంగా కట్టాల్సినవి ఏవో రాతపూర్వకంగా అడగండి, హాస్టల్ మెస్ బిల్లు లాంటివి కట్టేయండి. "మిగతా మూడేళ్ల ఫీజు" లాంటి మాట ఎవరైనా అంటే అదే మాట కాగితం మీద రాసివ్వమనండి. రాయరు.

తెల్లకోటు_తమ్ముడు
నాది ఎంబీబీఎస్ మొదటి ఏడాది, నాకూ ఇంటి దగ్గరికి మారాలని ఉంది, ఇదే పద్ధతా?

నాగావళి_ఒడ్డు
నీకు కష్టమే తమ్ముడూ. ఒకసారి చేరాక ఇంకో మెడికల్ కాలేజీకి మారడానికి వీల్లేదని ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2023 నిబంధనల్లో పెట్టింది, ఇప్పటికీ అలాగే ఉందేమో ఒకసారి చూసుకో. అప్పటిదాకా నీ మెంటర్‌కి నువ్వు చెప్పాల్సింది ఏమీ లేదు, హాయిగా చదువుకో.

తెల్లకోటు_తమ్ముడు
హాయిగానా.

గజపతినగరం_గుంట
అప్‌డేట్. పరీక్షలు అయిపోయాయి. మావయ్య కొత్త కాలేజీకి వెళ్లి, గొడవ పడకుండానే, ఫీజు సంగతి అడిగారు. నోటిఫికేషన్ షరతుల్ని బట్టి రాసిస్తామన్నారు, ఆ కాగితం వచ్చాకే అర్జీ పెడతాం.

మేడంకి చెప్పాను. ల్యాబ్‌లో ఆవిడ ఒక్కరే రికార్డులు సర్దుతుంటే వెళ్లాను. ముందు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "టీంలో వేసినప్పుడే అనొచ్చు కదా" అని కాస్త గట్టిగానే అన్నారు. అప్పటికి ఏదీ ఖాయం కాలేదు మేడం అన్నాను. సివిల్ నుంచి ఒక అమ్మాయిని నా చోట వేస్తానన్నారు, సెలవులు అయ్యేదాకా ఆ అమ్మాయికి పని నేర్పించే బాధ్యత మాత్రం నాదే అన్నారు. ఒప్పుకున్నాను. ఆ తర్వాత అక్కడి కాలేజీ సిలబస్ ఫోన్లో తెరిచారు. ఎర్రపెన్ను మేడం అన్నట్టే అది అటానమస్, మాకు లేని సబ్జెక్టు ఒకటి ఉంది, ఆ సంగతే నాకు అప్పటిదాకా తెలీదు. ఆ నోట్సు ఎవరి దగ్గర దొరుకుతుందో కూడా చెప్పారు.

హెచ్‌ఓడీకి మాత్రం ఇప్పుడే చెప్పొద్దన్నారు. నోటిఫికేషన్ వచ్చి, అక్కడి ఎన్‌ఓసీ చేతికొచ్చాక తనే దగ్గరుండి తీసుకెళ్తానన్నారు, ఈలోపు స్టాఫ్ రూములో ఎవరితోనూ అనను అన్నారు.

పలాస_జీడిపప్పు
సీటు తేలేదాకా హెచ్‌ఓడీకి చెప్పొద్దన్నారా? మీ మేడం నా పార్టీయే.

రాజాం_రాజా
చప్పట్లు.

బొబ్బిలి_వీణ
హెచ్‌ఓడీకి ఆఖర్న, మెంటర్‌కి ముందు. రెండు పార్టీలకీ చెరో సగం ఇచ్చిందిలే ఆవిడ. చెల్లీ, సివిల్ అమ్మాయికి నేర్పించేటప్పుడు నువ్వు రాసిన కోడ్ అంతా ఒకచోట పెట్టి ఇచ్చేయ్, మధ్యలో నిన్ను ఫోన్లు చేసి చంపకుండా.

సచివాలయం_సంగతులు
నోటిఫికేషన్ వచ్చే టైంకి ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం దగ్గర పెట్టుకో. అమ్మ కొట్టు వదిలి రాలేకపోతే సచివాలయంలో అడిగితే ఏవి కొత్తగా కావాలో, ఏవి పాతవి చెల్లుతాయో చెబుతారు.

ఎర్రపెన్ను
అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లు. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద "అందినది" అని తేదీతో ముద్ర వేయించుకో. ముద్ర లేదంటే సంతకమైనా పెట్టించు. నాన్నగారి రిపోర్టులు జిరాక్సులే ఇవ్వు, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చేసుకో. కుదిరితే సోమవారం కాకుండా మంగళవారం వెళ్లు, సోమవారం ప్రిన్సిపాల్ గదిలో మీటింగులే సరిపోతాయి.